ఎరుపు తేలేదాకా

ఈ ప్రయాణం నేను పెట్టుకున్నది దేవుడి దర్శనానికి కాదు, ఒక ఇంటివాళ్ళను తొందరపెట్టడానికి. తిరుపతి వెళ్ళొచ్చావట కదా అని మా వీధిలో అందరూ చెయ్యి చాపారు. లడ్డూలు తెచ్చాను, పంచాను. అసలు తెస్తానన్న వస్తువు మాత్రం తేలేకపోయాను. పని కాకుండా తిరిగొచ్చిన మనిషి ముఖం అంత కళగా ఉండడమేమిటని మా ఆయన ఇప్పటికీ అడుగుతున్నాడు. నోటితో చెప్పబోతే సగంలో ఆవులిస్తాడు కాబట్టి రాసి పెడుతున్నాను.

కాకినాడలో కోర్టు ఎదురుగా మాకు జిరాక్స్ షాపు ఉంది. జడ్జిగారు వచ్చి కూర్చునేలోపు కాగితం కావాలనేవాళ్ళే మా గుమ్మం తొక్కేది. ఇన్నేళ్ళుగా వాళ్ళ మధ్య బతికి బతికి, నిదానంగా ఉండేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే నాలుగుసార్లు మూత తీసి చూసే మనిషిని.

మా చెల్లెలు కొత్త ఇల్లు కట్టుకుంది. హాల్లో గోడకు మంచి కలంకారీ గుడ్డ నేను పెడతానని నలుగురి ముందూ గొప్పగా అనేశాను. మా ఊరి ఎగ్జిబిషన్‌లో మురళి అనే అబ్బాయి స్టాలు పెట్టాడు. శ్రీకాళహస్తిలో వాళ్ళ అమ్మ గుడ్డ మీద బొమ్మలు వేస్తుందట, ఇంట్లో అందరిదీ అదే పనట. కొండనెత్తిన కృష్ణుడు, చుట్టూ ఆవులూ దూడలూ కావాలన్నాను. రంగులు తగ్గితే పనీ తగ్గుతుందని లెక్కేసి, నలుపూ ఎరుపూ చాలన్నాను. ఎప్పుడిస్తావయ్యా అంటే తల గోక్కున్నాడు.

గృహప్రవేశం అయిపోయింది. గోడ ఖాళీగానే ఉంది. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోతుంది. ఎప్పుడైనా ఎత్తితే "అవతా ఉండాదమ్మా" అని ఒకటే మాట. కోర్టుకు సెలవులు రాగానే, వీళ్ళ సంగతేదో ఎదురుగా కూర్చునే తేల్చుకుంటానని రైలెక్కాను.

తిరుపతి

దిగినరోజే దర్శనం అయిపోతే ఒక పని అయిపోతుంది కదా అనుకున్నాను. క్యూలో నా ముందు చిత్తూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉంది. పసుపు రాసిన ముఖం, చేతిలో బొరుగుల పొట్లం. మేము మరమరాలు అనే వాటినే అక్కడ బొరుగులంటారు. నేను మునివేళ్ళ మీద లేచి ముందుకు చూడడం, నిట్టూర్చడం, మళ్ళీ లేవడం ఆవిడ కాసేపు గమనించింది. చివరికి పొట్లం నా ముందు పెట్టి, "తిను మా. దేవుడు యాడికీ పోడు" అంది. తిన్నాను. అందులో వేయించిన చెనిక్కాయలు (మన వేరుశనగలే), ఎండుమిర్చి, వెల్లుల్లి కలిపారు. మా వైపు మరమరాల ముద్దల్లో బెల్లం తప్ప మరొకటి ఎరగం. క్యూ కదలకపోయినా నోరు కదులుతుంటే కోపం కొంత తగ్గుతుందని ఆ రోజే తెలిసింది.

సాయంత్రం దర్శనం అయి కొండ దిగాక, బస్టాండు దగ్గర హోటల్లో పెసరట్టు ఉందా అని అడిగితే సర్వర్ నన్ను జాలిగా చూశాడు. నలభై రూపాయలకు ఇడ్లీ, దాని మీద ధారాళంగా చెనిక్కాయల చట్నీ. చట్నీ మళ్ళీ అడిగితే మొహం చిట్లించకుండా గిన్నెడు తెచ్చి పక్కనే పెట్టేశాడు. ఈ ఒక్క విషయంలో మా గోదావరి జిల్లాల హోటళ్ళు సిగ్గుపడాలి.

శ్రీకాళహస్తి

మురళి వాళ్ళ ఇల్లు పెద్దగుడికి దూరంగా, స్వర్ణముఖి ఏటి వైపు వెళ్ళే సందులో ఉంది. ముందు ఒక పొడుగాటి గది, వెనక వంటిల్లు, దాని వెనక పెరడు, అంతే. గదిలో చాపలు, నేల మీదే పలకలు, వాటి మీద గుడ్డలు పరిచి ఉన్నాయి. కుర్చీ ఒక్కటే. అది నాలాంటివాళ్ళ కోసం. ఇల్లంతా గేదె పాలు, కరక్కాయ కలిసిన ఒక వాసన. కరక్కాయ పొడి కలిపిన పాలల్లో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీదే సిరా పాకకుండా నిలుస్తుందట. మొదట ఆ వాసనకు ముక్కు మూసుకున్నాను. రెండోరోజుకు అది గుర్తు కూడా రాలేదు.

మురళి వాళ్ళమ్మ చెంగమ్మ చాప మీద ఒక కాలు చాపుకుని గీస్తోంది. చేతిలో ఉన్న కలం ఒక వెదురుపుల్ల, దాని మెడకు ఉన్నిగుడ్డ చుట్టి దారంతో బిగించారు. ఆ ఉన్నిని వేలితో నొక్కితే సిరా దిగుతుంది. నన్ను చూసి నవ్వింది గానీ లేవలేదు. గీత మధ్యలో ఉందట. ఆ గీత పూర్తయ్యేదాకా నేను నిలబడే ఉన్నాను. అప్పుడే కిటికీ గూట్లో ఫోన్ కనిపించింది. నేను వెళ్ళేసరికి అది మోగుతోంది. ఎవరూ అటు చూడలేదు. చేతిలో కలం ఉన్నంతసేపు ఎవరూ ఫోన్ ముట్టుకోకూడదని ఆ ఇంట్లో కట్టుబాటు. నా ఫోన్లన్నీ ఆ గూట్లోనే మోగి మోగి చచ్చాయన్నమాట. దెబ్బలాడడానికి దాచుకున్న మాటల్లో సగం అక్కడే పనికిరాకుండా పోయాయి.

మిగిలిన సగం మాటలు గుడ్డను చూశాక బయటికి వచ్చాయి. దండెం మీద నా కృష్ణుడు ఉన్నాడు. కొండ, గోపకులు, ఆవులు, దూడలు అన్నీ నల్లగీతల్లో చక్కగా ఉన్నాయి. ఎరుపు మాత్రం చుక్కయినా లేదు. ఎరుపేదీ అన్నాను. మురళి భార్య రోజా ముందుకొచ్చి, పెట్టేశాం అంది. ఎక్కడ పెట్టారమ్మా, నా కళ్ళకేమైనా పొర కమ్మిందా అని గొంతు పెంచాను. అత్తాకోడళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. ఇంకా మండింది.

అప్పుడు రోజా చెప్పింది. గుడ్డ మీద ఎరుపును రంగుగా పూయరు. ఎక్కడ ఎరుపు కావాలో అక్కడ పటిక నీళ్ళు పూస్తారు. పూసినప్పుడు తడిగా కనబడుతుంది, ఆరాక ఏమీ ఉండదు. కొన్నాళ్ళు దాన్ని అలాగే వదిలేసి, పారే నీళ్ళలో జాడించి, ఆ తర్వాత మంజిష్ఠ వేళ్ళ పొడి వేసిన నీళ్ళలో ఉడికిస్తారు. పటిక ఉన్నచోట ఎరుపు పట్టుకుంటుంది, లేనిచోట పట్టుకోదు. చెయ్యి ఒణికిందో, గీత దాటిందో, పలచగా పడిందో ఉడికేదాకా ఎవరికీ తెలియదు. పూసినవాళ్ళకు కూడా తెలియదు.

అయితే ఇప్పుడే ఉడికించండి, నేనూ ఒక చెయ్యి వేస్తానన్నాను. చెంగమ్మ తల అడ్డంగా ఊపింది.

"నిన్ననే కదమ్మా పెట్టినాది. పటిక గుడ్డను పట్టుకోవాల. ఇప్పుడు ముంచితే అంతా ఏటికి పోతాది."

ఎన్నాళ్ళు పడుతుందంటే, గుడ్డను బట్టి, ఎండను బట్టి అంది. మా మెషీను వేడెక్కడానికి పట్టే సమయమే నాకు ఎక్కువ. నేను తలపట్టుకుని ఆ ఒక్క కుర్చీలో కూలబడ్డాను. మధ్యాహ్నం సంగటి పెట్టారు. రాగిముద్దను నమిలితే పళ్ళకు అతుక్కుంటుందని, చారులో ముంచి మింగాలని నాకు ఎవరూ చెప్పలేదు. నేను నమిలినంతసేపు ఇంటిల్లిపాదీ మర్యాదగా వేరేవైపు చూశారు.

సాయంత్రం లాడ్జి దాకా రోజా తోడొచ్చింది. ఇరవై ఐదేళ్ళుంటాయేమో. పాకాల వైపు పల్లె పిల్ల, చర్చికి వెళ్ళే కుటుంబం. తడ దగ్గర ఫోన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేసేదట. మురళి కూడా అప్పట్లో అక్కడే. ఇష్టపడి పెళ్ళిచేసుకున్నారు. పెళ్ళయినప్పటి నుంచీ అత్త ఆమెతో కరక్కాయలు దంచించింది, పాలు కలిపించింది, గుడ్డలు ఆరేయించింది. కలం మాత్రం చేతికివ్వలేదు. నా గుడ్డకే మొట్టమొదటిసారి పటిక పని మొత్తం ఆమెకు వదిలింది. వదలడమంటే పూర్తిగా వదలడమే. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పటిక ఎవరు పెడతారో ఆ గుడ్డ మీద మాట వాళ్ళదే. రెండోవాళ్ళు దిద్దరు, తొంగి చూడరు. ఉడికాక అది గడప దాటవచ్చా లేదా అన్నది కూడా పెట్టినవాళ్ళే చెప్పాలి.

"ఫ్యాక్టరీవాళ్ళు మళ్ళా పిలిచినారక్కా," అంది రోజా నడుస్తూనే. "సోమవారం చేరమంటా ఉండారు. ఎరుపు సమంగా తేలితే ఈడనే ఉంటాను. మచ్చలు మచ్చలుగా వస్తే పోతాను. చెయ్యి తిరగనిదానికి ఎన్నేండ్లని కరక్కాయలు దంచాల?"

మురళికి తెలుసా అన్నాను. ఇంట్లో అందరికీ తెలుసట. ఎవరూ ఉండమనలేదట, పొమ్మనలేదట. ఆ రాత్రి లాడ్జిలో నాకు చికాకు వేసింది. ఒక గోడ మీద వేలాడాల్సిన గుడ్డ మీద ఈ పిల్ల తన బతుకంతా పెట్టి కూర్చుంది. ఇక దాన్ని తొందరపెట్టడం ఎలాగ?

పాకాల

మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాను. నేను కాలు ఊపుతుంటే పలక కదులుతోందని చెంగమ్మ గమనించింది. ఊరికే కూర్చోవడం నా వల్ల కాదని ఆవిడకు అర్థమైపోయింది.

"నువ్వు సూస్తా కూర్చుంటే పటిక తొందరగా పట్టదు గాని," అంది, "పాకాల కాడ మా వియ్యపురాలుండాది. నల్లబెల్లం తెచ్చిపెడతావా?"

కలంకారీలో నల్ల సిరా బెల్లంతోనే. బెల్లం, తుప్పుపట్టిన ఇనుపముక్కలు కుండలో వేసి నీళ్ళు పోసి వారాల తరబడి ఊరబెడితే ఆ నీళ్ళే సిరా అవుతాయి. అంత దూరం నుంచి వసూళ్ళకు వచ్చినదాన్ని పట్టుకుని సరుకు తెమ్మని పంపే ధైర్యం నేను మరెక్కడా చూడలేదు. సంచీ తీసుకుని బయల్దేరాను.

తిరుపతి నుంచి పాకాలకు ప్యాసింజరు. దారంతా బండరాళ్ళ గుట్టలు, మధ్యమధ్య మామిడితోటలు. మా కోనసీమలా ఎటు చూసినా నీళ్ళు కనబడవు. కానీ నీళ్ళున్న ప్రతి చిన్న మడిచెక్కలో ఏదో ఒకటి పచ్చగా ఉంది. ఎదురుసీటు ఆవిడ యాడికమ్మా అని మొదలుపెట్టి, పాకాల వచ్చేలోపు నా పిల్లల చదువులు, మా ఆయన షుగరు దాకా కనుక్కుంది. దిగేటప్పుడు రెండు జామకాయలు చేతిలో పెట్టింది. మా వైపు రైల్లో ఇంత ఆరా తీస్తే అనుమానిస్తాం. అక్కడ ఆరా తీయకపోతే బాగుండదు కాబోలు.

రోజా వాళ్ళమ్మ ఎస్తేరమ్మ ఇంటి ముందు క్రిస్మస్ నక్షత్రం ఇంకా దించలేదు. ఇంటి పక్కనే చెరకు ఆడే గానుగ, దాని పక్క బెల్లం వండే పెద్ద పెనం. చెరకు ఆవిడ తమ్ముడు ఆడిస్తే, వండేది ఆవిడ. ఆ సీజను నెలలు ఇంటివాళ్ళందరికీ పెనం చుట్టూనే తిండి, మాట, నిద్ర. నేను వెళ్ళేసరికి రసం పొంగుతోంది. పొడుగాటి చిల్లుల గరిటెతో మడ్డి తీసి అవతల పోస్తోంది. అంగడి బెల్లం తెల్లగా ఉంటేనే కొంటారని దానిలో ఏదో పొడి వేస్తారట. వియ్యపురాలికి పంపేది మాత్రం పొడి వెయ్యకుండా, కాస్త ముదరనిచ్చి వేరుగా తీస్తుంది. నల్లగా, తారులా ఉంది. రుచి చూస్తే నాలిక మీద చాలాసేపు నిలిచింది.

పాకం అయిందో లేదో చూడడానికి ఆవిడ చుక్కను నీళ్ళ గిన్నెలో వేసి వేళ్ళతో ఉండ చేస్తోంది. అది చూసి నేను గరిటె అంచున ఉన్న పాకంలోనే వేలు పెట్టాను. నీళ్ళలో వెయ్యాలన్న సంగతి అప్పటికి నా బుర్రకెక్కలేదు. కాకినాడ దాకా వినబడేలా అరిచాను. ఎస్తేరమ్మ నా చెయ్యి పట్టి చెరకురసం కుండలో ముంచి, మళ్ళీ గరిటె తిప్పుకుంటూ కూర్చుంది. ఆ వేలు ఇప్పటికీ కీబోర్డు మీద సరిగా పడడం లేదు.

నొప్పి తగ్గాక, పాకంలో దొర్లించిన చెనిక్కాయలు ఒక ఆకులో పెట్టి ఇచ్చింది. అప్పుడు అడిగాను, కూతురు కృష్ణుడి బొమ్మలు వేస్తుంటే మీకేమీ అనిపించదా అని. మా చర్చిలో ఏసుప్రభువు గొర్రెపిల్లను ఎత్తుకున్న గుడ్డ ఉండాది, అది వేసినాది చెంగమ్మే కదా అంది. ఆవిడ దిగులు అది కాదు. ఫ్యాక్టరీ అయితే బస్సు ఊళ్ళోకి వస్తుంది, నెల తిరగంగానే జీతం పడుతుంది, ఎండలో రంగు ఉడికించే అండా దగ్గర మాడక్కరలేదు. తన ఒళ్ళు పెనం దగ్గర ఎలా అయిందో కూతురు ఒళ్ళు అలా కాకూడదు.  ఆవిడ చేతుల మీద కాలిన మచ్చలు అప్పుడు చూశాను.

"ఉంటానంటే ఉండనీ, పోతానంటే పోనీ," అంది బెల్లం మూట కడుతూ. "అయితే అది ఆ పని పట్టుకునిందా, ఊరికే వేలాడతా ఉండాదా? అదొగటే నాకు తెలియాల. అడిగి సెప్పు మా."

ఏటి ఒడ్డున

నేను బెల్లంతో తిరిగొచ్చిన రెండో రోజుకు గుడ్డ సిద్ధమైందని రోజా చెప్పింది. దాని మీద చెయ్యి వేసి, అంచు నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. ఆమె ఏం చూసిందో నాకు తెలియదు. అత్త మాత్రం తల తిప్పలేదు. వాళ్ళమ్మ అడిగిన మాట చెప్పాను. రోజా విని, ఉడికినాక సెప్తానక్కా అంది.

ఆ ఏడాది వానలు బాగా పడ్డాయి, స్వర్ణముఖిలో మోకాలి లోతు నీళ్ళు పారుతున్నాయి. ఏరు ఎండిపోతే బోర్ల దగ్గరికి, కాలవల దగ్గరికి గుడ్డలు మోసుకుపోవాలట. నిలవనీళ్ళు పనికిరావు. వదులుగా ఉన్న పటిక కొట్టుకుపోవాలి, గుడ్డను పట్టుకున్నది నిలవాలి. ఆ రెండింటినీ విడదీసేది పారే నీళ్ళేనట. మురళి ఒక చివర, రోజా ఒక చివర పట్టుకున్నారు. నాక్కూడా ఒక మూల ఇచ్చారు. నేను చీర ఎగ్గట్టుకుని దిగి, చేసే పనేమిటని అడిగాను. పట్టుకోవడమే అన్నాడు మురళి. నాకు చెయ్యి ఊరుకోదు. ఒకసారి పిండబోతే, వద్దమ్మా, నీళ్ళే చూసుకుంటాయి అన్నాడు.

అలా ఎంతసేపు నిలబడ్డామో నాకు తెలియదు. కాళ్ళ కింద ఇసుక జారుతోంది. గుడ్డ నీళ్ళలో పరుచుకుని మెల్లగా ఊగుతోంది. నాకు మొదట విసుగు వచ్చింది, తర్వాత ఒళ్ళు నొప్పి వచ్చింది, ఆ తర్వాత రెండూ పోయాయి. ఏమీ చెయ్యకుండా నిలబడి అలసిపోవడం, అలసట హాయిగా ఉండడం నా జీవితంలో అదే మొదలు.  మురళి, రోజాల్లో ఒకరు అంచు వదులు చేస్తే రెండోవాళ్ళు బిగిస్తున్నారు. నేనూ మా ఆయనా షాపులో పొద్దుట్నుంచి పక్కపక్కనే ఉంటాం, ఇంత కలిసి పనిచేసిన గుర్తు లేదు.

అండా దగ్గర

ఉడికించడం పెరట్లో. రాగి అండా, కింద కట్టెల మంట, నీళ్ళలో మంజిష్ఠ పొడి. నీళ్ళు మొదట బురదలా ఉన్నాయి. రోజా గుడ్డను లోపలికి దింపి కర్రతో తిప్పడం మొదలుపెట్టింది. మురళి మంట చూసుకుంటున్నాడు. మంట ఎక్కువైతే ఎరుపు నల్లబడుతుంది, తక్కువైతే పాలిపోతుంది. కర్ర ఆగితే మచ్చ. మడత పడినా మచ్చే. చెంగమ్మ పెరట్లోకి రాలేదు. ముందుగదిలో చాప మీద కూర్చుని వేరే గుడ్డ మీద గీతలు గీసుకుంటోంది. తన కోడలి బతుకు తేలుతుంటే లేచి రాకపోవడమేమిటని నాకు కోపం వచ్చింది. రోజా ముఖం చూశాక, రాకపోవడమే మంచిదనిపించింది. అత్త కళ్ళు వెనక ఉంటే ఆ చెయ్యి అంత నిలకడగా తిరిగేది కాదు.

నేను అండా దగ్గర నుంచి కదల్లేదు. చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత కర్ర మీద పైకి లేచిన గుడ్డ అంచులో ఏదో తేడా కనబడింది.  ఇంకాసేపటికి కృష్ణుడి పంచె గోధుమరంగులోకి తిరిగింది, ఆ తర్వాత ఇటుకరంగు, ఆ తర్వాత ఎరుపు. ఎవరో లోపలి నుంచి బయటికి వస్తున్నట్టే ఉంది. గీత దాటలేదు, మచ్చ పడలేదు. నాకు ఏడుపొచ్చింది. ఎందుకో చెప్పలేను. ఎవరి చేతి పనో తేలుతుంటే నేను కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

గుడ్డ తీసి నీళ్ళలో జాడించి దండెం మీద వేశారు. మురళి ముఖం విప్పారింది. రోజా రెండడుగులు వెనక్కి వేసి చూసింది. ఆమె నవ్వబోయి ఆగడం నేను చూశాను. కుడివైపు కింద ఆవులు వరసగా ఎర్రగా ఉన్నాయి. చివర తల్లి పొదుగు దగ్గర ఉన్న దూడ మాత్రం ఎర్రబడలేదు. నల్లగీత ఉంది, లోపల గుడ్డ తెలుపే, మట్టిరంగు అంటీ అంటనట్టు ఉంది. దాని మీద పటిక పడనేలేదు.

ఎలా జరిగిందో ఆమెకు వెంటనే తెలిసిపోయింది. ఆవుల వరస పూస్తుండగా పాలు పోసేవాడొచ్చి పిలిచాడు, లేచి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పూసినదంతా ఆరిపోయి ఏదీ కనబడలేదు. దూడ అయిపోయిందనుకుని పక్క ఆకులతో మొదలుపెట్టింది. నా ఫోన్లకు లేవలేదు కదా, పాలవాడికి లేచింది కదా, ఈ తప్పులో నా తొందర లేదు కదా అని, చెప్పొద్దూ, లోలోపల నాకు కాస్త ఊరటగా అనిపించింది.

నేనే ముందు నోరు తెరిచాను. అన్ని ఎర్ర ఆవుల మధ్య ఒక తెల్లదూడ ఉంటే ఎంత ముద్దుగా ఉందో, కావాలని చేసినట్టే ఉంది, ఇలాగే ఇచ్చెయ్యమ్మా, రేపు బండికి పట్టుకుపోతానన్నాను. నిజంగానే బాగుంది. మా చెల్లెలు ఏడేడు జన్మలకు కనిపెట్టలేదు. మురళి కూడా ఆశగా చూశాడు. ఇక్కడితో అయిపోతే గుడ్డ వెళుతుంది, ఎరుపు తేలింది, సోమవారం సంగతీ తేలిపోతుంది. అతను లోపలికి వెళ్ళి అమ్మను పిలిచాడు. చెంగమ్మ వచ్చి గుడ్డను పైనుంచి కిందిదాకా చూసింది. దూడ దగ్గర ఆవిడ చూపు ఆగిందో లేదో నేను పోల్చుకోలేకపోయాను.

"పటిక పెట్టింది నువ్వు మే. మాట నీదే," అని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

మళ్ళీ చెయ్యాలంటే దూడకు పటిక పెట్టాలి, అది పట్టేదాకా ఆగాలి, ఏటిలో జాడించాలి, మళ్ళీ ఉడికించాలి. రెండోసారి ఉడికితే మిగతా ఎరుపు ఇంకా ముదురుతుంది, గుడ్డ దానికీ తట్టుకోవాలి. చెడితే మొత్తం చెడుతుంది. రోజా ఇదంతా నాకు చెప్పలేదు, మురళి చెప్పాడు. ఆమె దూడ ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. చివరికి లేచి కొంగుతో చేతులు తుడుచుకుంది.

"తెల్లదూడ అని నేను అనుకోని పెట్టుంటే ఇచ్చేదాన్నే అక్కా. అనుకోలేదు, మర్సిపోయినాను. మర్సిపోయినదాన్ని నువ్వు బాగుండాదంటే నేను ఎట్ల తీసుకునేది? ఇది గడప దాటేది లేదు."

సందు చివర గుడి మైకు పాట, పక్కింటి కుక్కర్ విజిల్, అన్నీ మామూలుగానే ఉన్నాయి. వసూళ్ళకు వచ్చినదాన్ని, గుడ్డ ఇమ్మని మళ్ళీ అడగాలనిపించలేదు.  ముందుగదిలో చెంగమ్మ గీస్తూనే ఉంది. కోడలు లోపలికి వస్తుంటే చాప మీద కాస్త పక్కకు జరిగింది. రోజా అటు కూర్చోకుండా కిటికీ దగ్గరికి వెళ్ళి, చేతిలో కలం లేదు కాబట్టి, ఫోన్ తీసుకుంది.

అవతల ఎస్తేరమ్మ గొంతు గట్టిదే, నాకు కూడా వినబడుతోంది. ఎరుపు తేలిందా అని అడిగింది. తేలింది అంది రోజా. దూడ సంగతి దాచకుండా చెప్పింది. అయితే చెడిపోయినట్టేనా అంది తల్లి.  ఆ వెంటనే, నాతో పంపిన ప్రశ్నే ఈసారి తానే అడిగింది.

"పని వచ్చిందా నీకు?"

"వచ్చిందమ్మా," అంది రోజా. "సోమవారం దూడకు పటిక పెట్టాల."